సవరణ: తెలంగాణ మంత్రుల పరిమితి 23 కాదు, 18

మంత్రుల సంఖ్యపై ఇంతకుముందు రాసినదాంట్లో శాసనమండలి 40 స్థానాలనూ కలిపి, తెలంగాణలో 23 మంది దాకా ఉండొచ్చని లెక్కగట్టాం. అది తప్పు. 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ మంత్రుల సంఖ్యకు పెట్టిన 15 శాతం పరిమితి శాసనసభ సభ్యుల సంఖ్యకే వర్తిస్తుంది. 119లో 15 శాతం 17.85, ఆచరణలో 18గా తీసుకుంటున్నారు. ముఖ్యమంత్రీ అందులోనే. ఆంధ్రప్రదేశ్‌లో 175కి 26. మండలి సభ్యుణ్ణి మంత్రిగా తీసుకుంటే ఆయనా ఈ లెక్కలోకే వస్తారు, చాలామంది పొరబడేది ఇక్కడే.

మంత్రుల ఖర్చుపై ఇంతకుముందు ఇచ్చిన అంచనానూ సరిదిద్దుతున్నాం. కేబినెట్ హోదా ఉన్న సలహాదారులు ఈ పరిమితిలోకి రారు, వాళ్ల జీతభత్యాలు మాత్రం ఖజానా నుంచే. కాబట్టి బడ్జెట్‌లో మంత్రిమండలి ఖర్చులు చూపే 2013 నంబరు పద్దు ఒక్కటే చూసి మొత్తం తేల్చడం సరికాదు.