ఆవిష్కరణ సభ

(విజయవాడ సత్యనారాయణపురంలో మా పక్క వాటా. మధ్య గోడ పలుచన, ఆవిడ గొంతు కాదు.)

సుభద్ర: ఏమండీ, మీ పుస్తకం ఆదివారానికి పూర్తవుతుందా?

మూర్తి: కుట్టు అయిపోయింది. అట్ట అంటించి బరువు పెట్టాలి. ఎందుకు?

సుభద్ర: గుంటూరు నుంచి అన్నయ్య వస్తున్నాడు. శాలువా కొన్నాడట.

మూర్తి: ఈ ఎండల్లో శాలువా ఎవరికి?

సుభద్ర: మీకే. ఆవిష్కరణ సభకు అధ్యక్షుడు తానేనట. కింది వాటా వాళ్లకూ, పాలబ్బాయికీ చెప్పేశాను.

మూర్తి: దేని ఆవిష్కరణ?

సుభద్ర: మీరు తలుపు వేసుకుని రాసిన పుస్తకానిది!

మూర్తి: పుస్తకం చేస్తున్నానన్నాను. రాస్తున్నానని ఎప్పుడన్నాను?

సుభద్ర: రాయకుండా పుస్తకం ఎలా అవుతుంది?

మూర్తి: ఇదిగో, చూడు. నాలుగు కాగితాలు కలిపి మడిస్తే పదహారు పేజీల ఫారం. అలాంటివి ఎనిమిది. మొత్తం 128 పేజీలు.

సుభద్ర: ఇది ఖాళీ. ఇదీ ఖాళీ. అయ్యో, నలభై రెండో పేజీ కూడా ఖాళీయే!

మూర్తి: నంబర్లు వేయలేదుగా, నలభై రెండని ఎలా తెలిసింది?

సుభద్ర: లెక్కపెట్టాను. చదవడానికి ఏమీ లేకపోతే మరేం చేయమంటారు? 1989 నుంచి పుస్తక మహోత్సవం జరుగుతున్న ఊరండీ ఇది. జనవరిలో ఎన్ని పుస్తకాలు చూడలేదు! చదవలేకపోయినా, అన్నింటిలోనూ ఏదో ఒకటి రాసి ఉంటుంది.

మూర్తి: కాగితానికీ అట్టకూ పీచు నిలువుగా ఉండేలా చూసి మరీ కోశాను. లేకపోతే జిగురు ఆరేసరికి అట్ట వంగిపోతుంది.

సుభద్ర: అట్ట వంగకూడదు. నా పనికి మీ నడుమూ వంగకూడదు. నిజం చెప్పండి, నా గురించి రాసి చించేశారు కదూ?

మూర్తి: చించితే కుట్టు వదులవుతుంది. మధ్య మడతలో చూడు, ఎంత బిగువుగా ఉందో. దారానికి మైనం పట్టించి లాగాను.

సుభద్ర: దారానికి మైనం పట్టించే ఓపిక ఉంది, భార్య గురించి నాలుగు ముక్కలు రాసే తీరిక లేదు.

మూర్తి: చించానంటావు, రాయలేదంటావు. ఏదో ఒకటి తేల్చుకో.

సుభద్ర: రెండూ మీ తప్పే, తేల్చుకోవడానికి ఏముంది? ఆ వేలికేమైంది?

మూర్తి: సూది గుచ్చుకుంది.

సుభద్ర: ఇలా ఇవ్వండి. కదలకండి, పసుపు పెడుతున్నాను.

మూర్తి: కాగితానికి అంటుతుంది!

సుభద్ర: అంటనివ్వండి. ఒక్క పేజీలోనైనా ఏదో ఒకటి ఉంటుంది.

మూర్తి: సరే, ఇంకాస్త మైదా ఇయ్యి, జిగురు కాచాలి. అన్నట్టు, నిన్న కాచిన గిన్నె వంటకు వాడకు. మైలుతుత్తం వేశాను, పురుగు పట్టకుండా.

సుభద్ర: మా అమ్మ ఇచ్చిన పాయసం గిన్నెలోనా? అక్షరం లేని పుస్తకానికి పురుగెందుకు వస్తుందండీ?

మూర్తి: దానికి మైదా చాలు. నీలాగా చదవాలని పట్టుబట్టదు.

(ఫోను మోగింది.)

సుభద్ర: అన్నయ్యా, చెప్పు. అంకితమా? నాకే.

మూర్తి: ఖాళీ పుస్తకమని చెప్పవే!

సుభద్ర: ఊరుకోండి. మీకు శాలువా దక్కే యోగం మళ్లీ వస్తుందా? నిన్ను కాదు అన్నయ్యా... ప్రసంగం ఎంతసేపైనా చెయ్యి. ముందు చదవాలా? ఎందుకు? అధ్యక్షులు ఎప్పుడు చదివారు గనక!