బెన్వెనుటిని తయారు చేసింది ఇటలీ లోకల్ రింగులే

ఇటలీ బాక్సర్ నీనో బెన్వెనుటి పేరెత్తితే చాలు, అందరూ 1960 రోమ్ ఒలింపిక్స్ దగ్గరే ఆగిపోతారు. వెల్టర్‌వెయిట్ గోల్డ్, పైగా ఆ గేమ్స్‌లో బెస్ట్ బాక్సర్‌కిచ్చే వాల్ బార్కర్ ట్రోఫీ, అదీ తర్వాత మహమ్మద్ అలీ అయిన కాసియస్ క్లే కూడా అక్కడే గోల్డ్ కొట్టిన ఏడాది. గొప్పే, ఎవరు కాదన్నారు. కానీ నన్నడిగితే, 2025 మేలో కన్నుమూసిన ఈ మనిషి కెరీర్‌లో అసలు చూడాల్సింది ఆ తర్వాతి ఐదారేళ్లు.

1961 జనవరిలో ప్రో అయ్యాడు, అప్పటికే రెండుసార్లు యూరప్ అమెచ్యూర్ ఛాంపియన్. ఇప్పుడైతే ఇలాంటోడిని ఆగనిస్తారా, రెండు ఒలింపిక్ గోల్డ్‌లు కొట్టిన ఉక్రెయిన్ బాక్సర్ లొమచెంకోకి రెండో ప్రో ఫైట్‌కే వరల్డ్ టైటిల్ ఛాన్స్ ఇచ్చారు, ఓడిపోయాడు కూడా. బెన్వెనుటి మాత్రం ఎక్కువగా ఇటలీలోనే ఒకదాని వెనక ఒకటి ఆడుకుంటూ పోయాడు, 1963లో ఇటలీ మిడిల్‌వెయిట్ టైటిల్ కొట్టాడు, 1965 జూన్‌లో మిలాన్ శాన్ సీరో స్టేడియంలో తన దేశపోడే అయిన ఛాంపియన్ సాండ్రో మజ్జింగిని ఆరో రౌండ్‌లో నాకౌట్ చేస్తేగానీ లైట్ మిడిల్‌వెయిట్ వరల్డ్ బెల్ట్ చేతికి రాలేదు. అంటే నాలుగేళ్లు దాటింది.

సొంత గడ్డ మీద తేలికైనోళ్లని కొట్టి రికార్డు పెంచుకున్నాడనేవాళ్లు ఉన్నారు. వరసగా 65 గెలిచి 1966లో సియోల్ వెళ్తే, రోమ్ ఒలింపిక్స్‌లో తను ఓడించిన కిమ్ కీ-సూ చేతిలోనే బెల్ట్ పోగొట్టుకున్నాడు కదా అంటారు. కొన్ని ఫైట్లు తేలికైనవే. కానీ సియోల్‌లో జడ్జీలు కూడా ఒక మాట మీద లేరు, స్ప్లిట్ డెసిషన్ అది.

పది నెలలు తిరక్కుండానే, 1967 ఏప్రిల్ 17న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మిడిల్‌వెయిట్ ఛాంపియన్ ఎమిల్ గ్రిఫిత్ ముందు నిలబడ్డాడు. అమెరికాలో ఆడ్డం అదే మొదటిసారి. రెండో రౌండ్‌లో గ్రిఫిత్‌ని పడేశాడు, నాలుగో రౌండ్‌లో తనే కిందపడ్డాడు, లేచి ఇంకా పదకొండు రౌండ్లు ఆడి పాయింట్ల మీద గెలిచాడు, ఇటలీలో జనం అర్ధరాత్రి దాటాక రేడియోలకి అతుక్కుని ఆ ఫైట్ విన్నారు. ఇప్పుడు చెప్పండి, కిందపడి లేచాక దమ్ము ఎలా దాచుకోవాలో, ఎప్పుడు క్లించ్ చెయ్యాలో, అంటే ఎదుటోణ్ని పట్టేసుకుని ఆపాలో, ఏ రౌండ్ వదిలేసి ఏ రౌండ్ పట్టుకోవాలో మూడు రౌండ్ల అమెచ్యూర్ బాక్సింగ్ నేర్పుతుందా? ఛాన్సే లేదు. అదంతా ఎవరికీ పేర్లు గుర్తులేని ప్రోలతో నెలనెలా ఆడితే వచ్చిందే. అదే సెప్టెంబర్‌లో గ్రిఫిత్ బెల్ట్ వెనక్కి లాక్కున్నాడు, 1968 మార్చిలో బెన్వెనుటి మళ్లీ గెలుచుకున్నాడు, 1970 నవంబర్‌లో రోమ్‌లో అర్జెంటీనా బాక్సర్ కార్లోస్ మోంజోన్ వచ్చి ఓడించేదాకా దాన్ని వదల్లేదు.

ఇది ఒక్కడి కథ అయితే లక్కు అనుకోవచ్చు. కానీ అదే రోమ్ ఒలింపిక్స్‌లో సిల్వర్ గెలిచిన సాండ్రో లొపొపోలో 1966లో వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు, ఇంకో సిల్వర్ కార్మెలో బోస్సి 1970లో అయ్యాడు. ఒక్క అమెచ్యూర్ టీమ్ నుంచి ముగ్గురు! హెవీవెయిట్ గోల్డ్ కొట్టిన ఫ్రాంకో డి పిక్కోలి మాత్రం ప్రోగా అంతదూరం రాలేకపోయాడు. మెడల్ రంగు చూసి ఏం చెప్పగలం మరి? ఆడ్డానికి రింగులు, కొనడానికి టికెట్లు, ఎదురుగా మజ్జింగి లాంటి సొంత దేశపు శత్రువు, ఇవన్నీ అప్పుడు ఇటలీలో ఉన్నాయి.

ఇప్పుడు ఇంకో ఇటలీ బాక్సర్ రాబెర్టో కమ్మరెల్లెని చూడండి. 2008 బీజింగ్‌లో సూపర్ హెవీవెయిట్ గోల్డ్, 2012 లండన్ ఫైనల్లో బ్రిటన్ బాక్సర్ ఆంథొనీ జాషువాతో 18-18 సమానంగా ఆడి, జడ్జీల పాయింట్లన్నీ మళ్లీ లెక్కపెట్టే కౌంట్‌బ్యాక్‌లో ఓడాడు. జాషువా మరుసటి ఏడాదే ప్రో అయి 2016కల్లా వరల్డ్ ఛాంపియన్. కమ్మరెల్లె ప్రో అవ్వనే లేదు, పోలీస్ టీమ్ ఫియామ్మె ఓరోలోనే ఉండిపోయాడు. మన స్పోర్ట్స్ కోటా ఉద్యోగం లాంటిదే అది, నెల జీతం, భద్రత, ఆ ఉద్యోగాలు ఉండాల్సిందే, నేనేం వద్దనట్లేదు. కానీ ఉద్యోగం ఇచ్చేసి బాక్సింగ్‌కి చెయ్యాల్సింది చేసేశాం అనుకునే ప్రభుత్వాలంటేనే నాకు మంట. ఆయన ఉండిపోయాడని విసుక్కునేవాళ్లు నాకు ఒక్కటి చెప్పండి, బీజింగ్ గోల్డ్ పట్టుకుని 28 ఏళ్ల వయసులో ప్రో అయ్యుంటే, బెన్వెనుటికి దొరికినట్టు నెలకో ఫైట్ ఆయనకి ఇటలీలో ఎవరు పెట్టేవాళ్లు?