కంకరలో కైవల్యం

తారు రోడ్డు మానవజాతికి చేసిన ద్రోహం గురించి ఇంతవరకు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం. నల్లగా, నున్నగా, ఎవరికీ ఎదురు చెప్పకుండా పడి ఉండే ఆ పదార్థం మీద సైకిల్ తొక్కితే మనిషి అనుకున్న చోటికి అనుకున్న వేళకు చేరిపోతాడు. చేరాక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. నల్లేరు మీద బండి నడక అని సుఖానికి ఉపమానం చెప్పిన పెద్దలు, ఆ బండిలో కూర్చున్నవాడికి ఎంత విసుగు పుట్టిందో అడిగిన పాపాన పోలేదు.

ఇన్నాళ్లకు గ్రావెల్ బైక్, అంటే కంకర దారుల కోసం చేసిన సైకిల్, వచ్చి ఆ విసుగుకు మందు కనిపెట్టింది. దూరం నుంచి చూస్తే పొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిల్‌తో అచ్చం రేసు సైకిలే. దగ్గరికి వెళితే టైర్లు ఉబ్బి ఉంటాయి, నలభై మిల్లీమీటర్ల పైచిలుకు. రేసు సైకిల్ వేగం, కొండ సైకిల్ మొండితనం రెండూ ఇందులో ఉన్నాయంటారు. వేగం సంగతి నేను హామీ ఇవ్వలేను.

ఇక్కడ ఒక చారిత్రక ఇబ్బంది ఉంది, దాచడం ధర్మం కాదు. మంచి రోడ్ల కోసం మొదట గొంతు చించుకున్నది కార్లవాళ్లు కాదు, సైకిళ్లవాళ్లే. 1860లలో వచ్చిన సైకిలుకు ఇంగ్లండులో జనం పెట్టిన పేరు బోన్‌షేకర్, అంటే ఎముకలు కుదిపేసేది అని. ఆ కుదుపులు భరించలేకే 1888లో డన్లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో సైకిలు ప్రియులు 1880లో సంఘం పెట్టుకుని, 1892లో 'గుడ్ రోడ్స్' పేరుతో ఏకంగా పత్రికే మొదలుపెట్టి, రోడ్లు బాగుచేయండి మహాప్రభో అని ప్రభుత్వాల వెంటపడ్డారు. కంకరకు తారు పట్టించే పద్ధతికి 1902లో హూలీ అనే బ్రిటిష్ ఇంజినీరు పేటెంటు పొందాడు. అలా తాతలు దుమ్ము మింగి సాధించిన రోడ్డును తప్పించుకోవడానికి మునిమనవలు ఇప్పుడు కూడబెట్టుకున్న సొమ్ము ఖర్చుపెడుతున్నారు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే కదా అని కొందరు ఎత్తిపొడుస్తారు. వాళ్లకు దురద అంటే ఏమిటో తెలియదు.

పైగా ఇది అల్లాటప్పా వ్యవహారం కాదు. 2006లో అమెరికాలో, కాన్సస్‌లోని ఎంపోరియా అనే ఊళ్లో కొద్దిమంది పోగై 200 మైళ్ల కంకర పందెం పెట్టుకున్నారు. 2022లో ఇటలీలో ప్రపంచ ఛాంపియన్‌షిప్పే జరిగింది. ఆ దారి కంకర పోటీకి ఉండవలసినదాని కంటే నున్నగా ఉందని పెదవి విరిచినవాళ్లున్నారు. ప్రపంచ స్థాయి క్రీడ అంటే అలా ఉండాలి. ఈత పోటీలో నీళ్లు మరీ తడిగా ఉన్నాయని ఫిర్యాదు చేసే రోజు వస్తేనే ఈతగాళ్లు వీళ్లతో పోటీపడగలరు.

అయితే కంకర ఉన్నంత మాత్రాన సరిపోదు. దారి తిన్నగా ఉంటే కంకర మీద కూడా మనిషి గమ్యం చేరే ప్రమాదం ఉంది. అందుకే విజ్ఞులు సరస్సుల ప్రాంతాన్ని, అందులోనూ ఫిన్లాండ్‌ను ఎంచుకున్నారు. ఆ దేశంలో 500 చదరపు మీటర్లు దాటిన జలాశయాలను ఓపికగా లెక్కపెడితే 1,87,888 తేలాయి. ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగించడం అని మనం ఘనంగా చెప్పుకుంటాం. మూడు! ఆగ్నేయాన ఉన్న సైమా అనే ఒక్క సరస్సులోనే దీవులు పదమూడు వేలకు పైగా ఉన్నాయి. దాని ఒడ్డు గీత కాదు, చంటిపిల్ల చేతిలో పడ్డ దారపు ఉండ. ఎదుటి ఒడ్డున ఆరేసిన తువ్వాలు రంగు కూడా కనిపిస్తుంది, అక్కడికి రోడ్డు మాత్రం ఇరవై కిలోమీటర్లు చుట్టి వస్తుంది. దేశంలో నాలుగింట మూడు వంతులు అడవి కాబట్టి ఆ ఇరవై కిలోమీటర్లూ చూడవలసింది చెట్లనే.

కంకర సరఫరా విషయంలోనూ ఆ దేశం పూర్వజన్మ సుకృతం చేసుకుంది. పదివేల ఏళ్ల కిందట మంచుపలక కరిగిపోతున్నప్పుడు దాని అడుగున సొరంగాల్లో పారిన నీళ్లు ఇసుకను, గులకరాళ్లను గట్లుగా పోసి వెళ్లిపోయాయి. పుంకహర్యు అనే చోట అలాంటి గట్టు ఏడు కిలోమీటర్ల పొడవున, అటూ ఇటూ నీళ్లతో, పైన పైన్ చెట్లతో సన్నగా సాగుతుంది. చూస్తే నోట మాట రాదు. ఇది వ్యంగ్యం కాదు, నిజంగానే రాదు. బిల్లు పెట్టకుండా, నాణ్యతలో వేలు పెట్టి చూపడానికి వీల్లేకుండా పని ముగించి వెళ్లిపోయిన కాంట్రాక్టరు చరిత్రలో ఆ మంచు ఒక్కటే.

దారి గీయడం ఒక శాస్త్రం. మా మిత్రుడొకడు దానికి రాత్రులు వెచ్చిస్తాడు. కంప్యూటర్ తెర మీద పటం పరిచి, తారు ఉన్న ముక్కలకు ఎర్రరంగు వేస్తాడు, వైద్యుడు ఎక్స్‌రే మీద గుండ్రంగా గీసినట్టు. వాటిని ఒక్కొక్కటిగా తప్పిస్తూ పోతే నలభై కిలోమీటర్ల ప్రయాణం నూట పదికి పెరుగుతుంది. అప్పుడు అతని ముఖంలో వెలుగు చూడాలి. "ఎనభై ఏడు శాతం కంకర" అని ప్రకటిస్తాడు. మిగిలిన పదమూడు శాతం ఎలా వచ్చిందో మాత్రం, కుటుంబంలో ఎవరో చేసిన అప్పు గురించి చెప్పినట్టు గొంతు తగ్గించి చెబుతాడు.

బయలుదేరే ముందు టైర్లలో గాలి సంగతి తేలాలి. చదరపు అంగుళానికి ముప్ఫై పౌండ్లు చాలని ఒక మతం, ముప్ఫై రెండు లేనిదే రిమ్ముకు రాయి తగులుతుందని ఇంకో మతం. మావాడు గేజి పెట్టి చూస్తాడు, కాస్త వదులుతాడు, బొటనవేలితో నొక్కి కళ్లు మూసుకుంటాడు, మళ్లీ పంపు అందుకుంటాడు. పంపు తీసేటప్పుడు 'తుస్' మంటూ ఎంత పోయిందో తెలియదు కనుక మళ్లీ గేజి. అవతల సూర్యుడు నడినెత్తికి వస్తాడు. జూన్ నెలలో అక్కడ రాత్రన్నది పేరుకే గనుక సరిపోయింది గానీ, లేకపోతే ఈ క్రీడ ఏనాడో అంతరించేది.

ఇక ఆ రోడ్డు మీద దొరికే అసలు ప్రసాదం అడ్డగీతలు. బట్టలు ఉతికే పలకలా, మూరెడు దూరానికో గట్టు చొప్పున, రోడ్డుకు అడ్డంగా. కళ్లద్దాలు ముక్కు మీద నాట్యం చేస్తాయి, సీసా తన గూట్లోంచి దూకి పొదల్లోకి పారిపోతుంది, మాటలు ముక్కలై "బా-ఆ-గుం-ది" అని బయటికొస్తాయి. అంచుకు జరిగితే మెత్తటి ఇసుక, నడిమికి వస్తే మళ్లీ పలక. ఇసుక మీద చక్రాలు దొర్లించి చూసిన భౌతిక శాస్త్రవేత్తలు తేల్చినదాని ప్రకారం, ఒక వేగం దాటి పోతే చాలు, స్ప్రింగులున్నా లేకపోయినా ఈ అలలు పుట్టక మానవు. తప్పించాలంటే వాహనాలన్నీ నత్తనడకన పోవాలి. ఆ సూత్రాన్ని మనసా వాచా పాటించేది ఎదురుగాలిలో మా మిత్రుడొక్కడే.

ఈ కష్టాలన్నిటికీ ప్రతిఫలం ఏమిటంటే, నాగరికత సోకని అరణ్యం. ఈ మాట అనుకుంటూ తొక్కుతుండగానే కొన్ని అల్ప విషయాలు కంట్లో నలుసులా పడతాయి. చెట్లన్నీ ఒకే ఎత్తు, ఒకే వయసు, బడిలో వరుసకట్టిన పిల్లల్లా. రోడ్డు వెడల్పు సరిగ్గా ఒక లారీకి సరిపోతుంది. ఉన్నట్టుండి ఆ రోడ్డు ఎక్కడికీ పోకుండా గుండ్రటి ఖాళీ స్థలంలో ఆగిపోతుంది, లారీ వెనక్కి తిరగడానికి. పక్కనే కొలిచి పేర్చిన దుంగల గుట్ట, దాని చివర్ల మీద రంగు గుర్తులు. మా మిత్రుడు సైకిలును ఆ గుట్టకే ఆనించి, గుట్ట కనిపించకుండా జాగ్రత్తగా ఫొటో తీసి, కింద "ఏకాంతం" అని రాశాడు.

అసలు విషయమేమిటంటే, ఆ దేశంలో లక్ష కిలోమీటర్లకు పైగా ఉన్న అడవి రోడ్లు ధ్యానం కోసం వేసినవి కావు, కలప తోలడానికి వేసినవి. 2013 నుంచి అక్కడి లారీలు సరుకుతో కలిపి 76 టన్నుల దాకా ఉండవచ్చు. అలాంటిది మలుపులో ఎదురైతే ఏకాంతం వెంటనే పక్క కాలువలోకి దిగి నిలబడుతుంది. పైగా ఇలాంటి రోడ్లు చాలావరకు ప్రైవేటువి. దారి పొడవునా భూములున్నవాళ్లు తియెకుంత అనే సంఘంగా ఏర్పడి, ఎవరి వాడకాన్ని బట్టి వాళ్లు ఖర్చు పంచుకుంటారు. మరి సైకిలువాడికి అక్కడేం పని అంటే, పరుల నేల మీద కూడా పాడుచేయకుండా నడవవచ్చు, సైకిలు తొక్కవచ్చు, అడవి పళ్లు కోసుకోవచ్చు అని ఆ దేశంలో అందరికీ అనాదిగా ఒక హక్కుంది. అందులో చందా ప్రస్తావన లేదు. ఇంతకంటే సంస్కారవంతమైన ఏర్పాటు నేనెక్కడా చూడలేదు.

అయినా మాకూ బాధలున్నాయి. వసంతంలో మంచు కరిగి రోడ్డు అడుగు నుంచి ఉబ్బి, చక్రం సగం దాకా దిగే బురదవుతుంది. దానికి కెలిరిక్కో అని పేరు పెట్టి లారీలను ఆపుతారు గానీ, మమ్మల్ని ఎవరూ పలకరించరు. వేసవి వస్తే దుమ్ము లేవకుండా కాల్షియం క్లోరైడు చల్లుతారు. దుమ్ము అణుగుతుంది, గొలుసు తుప్పు పడుతుంది. అన్నిటికంటే ఘోరం, ఎంతో శ్రమతో పుట్టిన అడ్డగీతలను యంత్రంతో గీకి చదును చేసేస్తారు. వారసత్వ సంపదను ఇలా చెరిపేయడం తగదనీ, రోడ్డును దాని ఖర్మానికి వదిలేయాలనీ, అయితే మరీ గుంతలు పడకుండా చూడాలనీ, దుమ్ము ఫొటోలో కనిపించేంత మాత్రమే ఉండాలనీ, మంగళవారాల్లో లారీలు నిలిపివేయాలనీ పదకొండు అంశాలతో మావాడు ఒక వినతిపత్రం తయారుచేశాడు. నేనూ సంతకం పెట్టాను.

సైమా ఒడ్డున పూమల అనే ఊరి దగ్గర హాటిన్‌విర్తా జలసంధి ఉంది. మేం వెళ్లినప్పుడు అక్కడ రోడ్డు నీళ్లలోకి దిగిపోయి అవతలి ఒడ్డున మళ్లీ లేచేది. మధ్యలో దాటించేది తాడు పట్టుకుని నడిచే పసుపురంగు ఫెర్రీ. అది రోడ్డులో భాగమే కనుక డబ్బు తీసుకునేవాళ్లు కాదు. మేం చేరేసరికి అది అవతల ఉంది. మా వెనకే ఒక కలప లారీ వచ్చి ఆగింది. డ్రైవరు కిందికి దిగి, మట్టి కొట్టుకుపోయిన మా సైకిళ్లను, టైర్లను, మమ్మల్ని ఆ వరుసలోనే చూశాడు. ఎటు నుంచి వస్తున్నారని అడిగాడు. చెప్పాం. అక్కడి నుంచి తారు రోడ్డు ఉంది కదా అన్నాడు, తప్పిపోయిన పిల్లలతో మాట్లాడే గొంతుతో. మా మిత్రుడికి ఇలాంటి అవకాశం మళ్లీ రాదనిపించింది కాబోలు, వినతిపత్రం తీసి పదకొండు అంశాలూ చదివి వినిపించాడు. ఆయన ఎంతో శ్రద్ధగా విన్నాడు. మంగళవారాల దగ్గర తల కూడా ఊపాడు.

"బాగుంది," అన్నాడు చివరికి. "మా తియెకుంత సమావేశం త్వరలోనే ఉంది. మీ ఇద్దరి వంతు ఖర్చు ఎంత రాసుకోమంటారు?"

ఫెర్రీ ఇంకా సగం దూరంలోనే ఉంది. మా మిత్రుడు వంగి, వెనక టైరు మీద బొటనవేలు పెట్టి, కళ్లు మూసుకున్నాడు. నేను ముందు టైరు చూశాను.