ఆక్సిజన్ లెక్క చెప్పరేం?

సూర్యకాంతితో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీశామంటూ ప్రయోగశాలల ప్రకటనలు వెల్లువెత్తుతున్నాయి. ఒక్క గ్రాము ఉత్ప్రేరకంతో గంటకు ఇన్ని వేల మైక్రోమోల్‌ల హైడ్రోజన్ వచ్చిందని ఘనంగా చాటే ఈ ప్రకటనల్లో చాలావరకు ఆక్సిజన్ ఊసే ఉండదు. నీరు నిజంగా విడిపోతే రెండు పాళ్ల హైడ్రోజన్‌కు ఒక పాలు ఆక్సిజన్ వెలువడి తీరాలన్నది బడిపిల్లలకూ తెలిసిన లెక్క. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండాలు ఈ రంగానికి దారి చూపిన ప్రయోగంలో ప్లాటినం వద్ద హైడ్రోజన్, టైటానియం డయాక్సైడ్ వద్ద ఆక్సిజన్ వెలువడ్డాయి. మరి ఇప్పటి ఘనులు రెండో సగాన్ని ఎందుకు దాటవేస్తున్నారు?

గాజుపాత్రలోకి తొంగిచూస్తే ఆ మౌనానికి కారణం బోధపడుతుంది. పసుపుపచ్చని కాడ్మియం సల్ఫైడ్ పొడిని నీటిలో గిరగిరా తిప్పుతూ దీపకాంతి ప్రసరింపజేస్తారు. అదే నీటిలో సోడియం సల్ఫైడ్, సల్ఫైట్ లవణాలు కలిపి ఉంచుతారు. మరోచోట టైటానియం డయాక్సైడ్‌కు మిథనాల్‌ను జతచేస్తారు. శాక్రిఫిషియల్ ఏజెంట్లుగా పేర్కొనే ఈ రసాయనాలు తమ ఎలక్ట్రాన్లను ధారపోసి తామే ఖర్చయిపోతాయి కనుక, అన్నింటికంటే కష్టమైన ఘట్టం, అంటే నీటి నుంచి ఆక్సిజన్‌ను వెలికితీయడం, జరగనే జరగదు. నీటిని విడగొట్టాలంటే మోల్‌కు 237 కిలోజౌళ్ల శక్తి కావాలి. మిథనాల్ చేరగానే ఆ భారం దాదాపు మాయమవుతుంది. ఆ మిథనాల్ ఎక్కడిది? ప్రపంచంలో ప్రధానంగా సహజవాయువు, బొగ్గు నుంచి తయారయ్యేదే. శిలాజ ఇంధనపు సరుకును కరిగించి, కార్బన్ డయాక్సైడ్‌నూ వదిలి, దానికి సౌర హైడ్రోజన్ అని పేరు పెట్టడం నేతిబీరకాయ చందమే.

హైడ్రోజన్ వెలువడే సగం చర్యను విడిగా పరిశీలించడానికి ఈ రసాయనాలు అవసరమని పరిశోధకులు అంటారు. పరిశీలించడాన్ని ఎవరూ కాదనలేదు. సగం చర్యకు ‘నీటి విభజన’ అన్న పేరు తగిలించి ప్రజాధనం కోరడమే అభ్యంతరకరం.

ఈ ధోరణి నిజాయతీపరులనే శిక్షిస్తోంది. అల్యూమినియం కలిపిన స్ట్రాన్షియం టైటనేట్‌తో 2020లో జపాన్ శాస్త్రవేత్త డోమెన్ బృందం నీటిని విడగొట్టడంలో 96 శాతం వరకు క్వాంటం సామర్థ్యం, అంటే పడిన కాంతి కణాల్లో చర్యకు ఉపయోగపడిన వాటి వాటా, సాధించింది. అయితే అది 350–360 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో, సౌరశక్తిలో స్వల్పభాగమైన పట్టీలో, సాధించిన అంకె. అదే బృందం 2021లో ఆ ఉత్ప్రేరకంతో చేసిన 100 చదరపు మీటర్ల ఫలకాలను ఆరుబయట నిలిపి, హైడ్రోజన్‌గా మారిన సౌరశక్తి గరిష్ఠంగా 0.76 శాతమేనని దాపరికం లేకుండా ప్రకటించింది. మిథనాల్ అండతో ఉబ్బిన అంకెల పక్కన ఈ అసలు అంకె వెలవెలబోతుంది. నిధులిచ్చేవారు ఆ ఉబ్బిన అంకెల వైపే మొగ్గుతారు. సౌరవిద్యుత్ ఫలకాలకు ఎలక్ట్రోలైజర్‌ను, అంటే విద్యుత్తుతో నీటిని విడగొట్టే పరికరాన్ని, జోడిస్తే 10 శాతం దాటడం ఇప్పటికే సాధ్యమన్న సంగతి వారికి గుర్తుచేసేవారుండరు.

ఆక్సిజన్ కొలత లేని పత్రాన్ని ‘నీటి విభజన’ పేరుతో ఒకసారి అచ్చువేస్తే, తరువాతి వారు అదే ఉదాహరణ చూపి అదే వెసులుబాటు అడుగుతారు. అలా అడగడం ఇప్పుడు ఆనవాయితీగా మారింది. ఒక్క వాయువునే కొలిచిన పత్రాన్ని తిప్పిపంపలేని సంపాదకులు, ఆ ఒక్క ప్రశ్న అడగకుండానే నిధులు మంజూరు చేసే కమిటీలు ఇంతకాలం దేనికి సంతకాలు పెడుతున్నట్టు?