శాఖా పరిధి గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ శాఖా పరిధి గారి సముఖానికి, హైదరాబాదు కుళాయిదారుడొకడు సవినయంగా సమర్పించుకుంటున్న అర్జీ.

అయ్యా, ఈ నగరంలో నీటిని ఏలుతున్నది మంత్రులూ కాదు, ఇంజనీర్లూ కాదు, తమరే. చినుకు డాబా మీద పడితే, ఇంకుడుగుంత ఉన్నదో లేదో చూడవలసింది ఇంటికి అనుమతి ఇచ్చిన నగరపాలక సంస్థ. వీధిలోకి జారి నాలాలో చేరితే అదే సంస్థలో మరో విభాగం. అక్కడ దానికి తోడయ్యే మురుగు మాత్రం నీటి సరఫరా, మురుగు పారుదల చూడడానికి 1989 నాటి చట్టంతో ఏర్పడిన జలమండలిది. చెరువు చేరాక కట్టా తూమూ నీటిపారుదల శాఖవి, శిఖం (చెరువు గర్భంలోని) భూముల రికార్డులు రెవెన్యూవి, నురగ సంగతి కాలుష్య నియంత్రణ మండలిది. ఇన్ని చేతులు మారిన చినుకు ఎవరి పద్దులోనూ తాగునీరుగా జమ కాకపోవడం తమరి పాలనాదక్షతకు నిదర్శనం.

దూరపు నీటి మీద తమరికున్న మక్కువ నిష్కారణం కాదు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఊరి పక్కనే ఉన్నాయి. కాని వాటిని కాపాడాలంటే లేఅవుట్లతో, భూముల ధరలతో, పంచాయతీలతో, వాటి చుట్టూ నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111 జీవో వివాదంతో తలపడాలి. నూరు కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి 2004లో కృష్ణనూ, 2015లో గోదావరినీ తెచ్చుకోవడానికి కొండలు అడ్డొచ్చి ఉంటాయేమో గాని, ఇన్ని శాఖలు అడ్డు రాలేదు. ఒకే మండలి, ఒకే అంచనా, చివర శిలాఫలకం. (ఇంకుడుగుంతకు శిలాఫలకం ఎక్కడ తాపడం చేస్తారు?) అందుకే మా డాబా మీది వాన కన్నా గోదావరే మాకు దగ్గర.

2000 ఆగస్టు వరదల తర్వాత నాలాల విస్తరణపై కిర్లోస్కర్ అనే సలహా సంస్థ నివేదిక వచ్చింది. 2020 అక్టోబరులో కాలనీలు మళ్లీ మునిగాక గాని ఆ పని పెద్ద ఎత్తున మొదలు కాలేదు. 2024 జూలైలో చెరువుల, నాలాల ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా అనే సంస్థ పుట్టినప్పుడు తమరికి నూకలు చెల్లాయని కొందరు సంబరపడ్డారు. ఆక్రమణలు తొలగించే అధికారం ఒకచోట చేరినా, మురుగును మళ్లించే బాధ్యతా, దానికి కావలసిన డబ్బూ ఉన్నచోటనే ఉన్నాయి కాబట్టి, తమరు కంగారుపడలేదు.

నా కోరిక చిన్నది. మూసీలో కలిసే ఏదో ఒక్క నాలాను, డాబా గొట్టం మొదలు నది గట్టు దాకా, ఒకే అధికారికి, ఒకే పద్దు కింద, అయిదేళ్లపాటు బదిలీ లేకుండా అప్పగించి చూడండి. అభ్యంతరముంటే, దానిని ఏ శాఖ ద్వారా తెలియజేస్తారో ముందుగా సెలవివ్వగలరు.

ఇట్లు,
ఒక కుళాయిదారుడు