స్కూల్లో పల్లీలు బంద్ చేస్తే సరిపోదు

మా పాపకు పల్లీ పడదు. యూకేజీలో ఉన్నప్పుడు పక్క పిల్ల బాక్సులోంచి ఇడ్లీ ముక్క తీసుకుని చట్నీలో ముంచుకుని తిన్నది, అంతే. పది నిమిషాల్లో పెదవులు వాచాయి, మెడ నిండా దద్దుర్లు, గొంతు బొంగురుపోయింది. టీచర్ ఫోన్ చేసి "అలర్జీ సిరప్ పట్టించమంటారా మేడం?" అని అడుగుతుంటే నేను అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఉన్నాను. ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

మర్నాడే ప్రిన్సిపాల్ దగ్గరికెళ్లి స్కూల్లో పల్లీలన్నీ బంద్ చేయమని గొడవ పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ మాట మీద లేను.

హైదరాబాద్‌లో పల్లీ లేనిదెక్కడ? పొద్దున ఇడ్లీలోకి చట్నీ, పులిహోర, మిర్చీ కా సాలన్, బగారా బైంగన్, సాయంత్రం పల్లీ పట్టీ, ఇవి కాక వంటనూనె. ప్యాకెట్ మీదైతే పల్లీ, పాలు, గుడ్డు లాంటివి ఉన్నాయని రాయాలని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నిబంధనలు చెబుతున్నాయి, కానీ అమ్మ కట్టిన టిఫిన్ బాక్సు మీద ఎవరు రాస్తారు? ఇంకో పిల్లాడికి గుడ్డు పడదనుకోండి, సర్కారు బడిలో మధ్యాహ్న భోజనంలో వచ్చే ఆ గుడ్డే చాలామంది పిల్లలకు గట్టి తిండి, దాన్ని అందరికీ ఆపమని నేనైతే అడగలేను.

పైగా బంద్ అన్నాక అందరూ నిశ్చింతగా ఉంటారు, నాకు అదే భయం. అమెరికాలోని మసాచుసెట్స్ స్కూళ్ల మీద 2017లో వచ్చిన అధ్యయనంలో, పల్లీ నిషేధం ఉన్న స్కూళ్లలో తీవ్రమైన ఎలర్జీకి వాడే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వాల్సిన సందర్భాలేమీ తగ్గలేదు. పల్లీ తినని పిల్లలకు విడిగా టేబుల్ వేసిన చోట మాత్రం తగ్గాయి. 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా స్కూలంతా నిషేధం పెట్టడం కన్నా సిబ్బందికి ట్రైనింగ్, స్కూల్లో అడ్రినలిన్ ముఖ్యమన్నాయి. కెనడాలోని ఒంటారియోలో టీచర్లకు ఈ ట్రైనింగ్ ఇవ్వాలని 2005లోనే చట్టం చేశారు.

తీవ్రమైన ఎలర్జీలో ప్రాణం కాపాడేది అడ్రినలిన్, తొడ బయటి వైపు కండలోకి, ఆలస్యం లేకుండా. సిరప్ దద్దుర్లు తగ్గిస్తుందేమో గానీ మూసుకుపోతున్న గొంతును తెరవదు. ఈ ఒక్క ముక్క తెలియకనే ఆ రోజు టీచర్ నన్ను సిరప్ గురించి అడిగింది, ఆమె తప్పేం లేదు, ఎవరూ చెప్పలేదు. విదేశాల్లో వాడే పెన్ను లాంటి ఇంజెక్టర్ మన మెడికల్ షాపుల్లో మామూలుగా దొరకదు. అదే మందు చిన్న గాజు సీసాలో వచ్చే ఆంపుల్ చౌకే, కానీ దాన్ని సిరంజిలోకి ఎక్కించి పిల్ల బరువును బట్టి ఇవ్వడం టీచర్ వల్ల అయ్యే పని కాదు. అందుకే వేలకు వేలు ఫీజులు తీసుకునే స్కూళ్లు ఒక నర్సును పెట్టాలి. సర్కారు బళ్లకు దగ్గర్లోని పీహెచ్‌సీతో ముందే మాట్లాడి పెట్టాలి, 108కి ఫోన్ చేసే మనిషెవరో తేల్చి ఉంచాలి.

ఈ ఏడాది పాప కొత్త స్కూలు అడ్మిషన్ ఫారం నింపాను. బస్సు రూటుకు గడి ఉంది, బ్లడ్ గ్రూపుకు ఉంది, ఎలర్జీకి లేదు. పక్కనున్న ఖాళీలో ఎర్ర పెన్నుతో రాసిచ్చాను.