సమావేశం కన్నా మ్యాపులు ముఖ్యం

బ్రిటన్‌లో కరెంటు పంపిణీ సంస్థలు ఐసీపీలను, అంటే కొత్త కనెక్షన్లు వేసే స్వతంత్ర కాంట్రాక్టు సంస్థలను, సమావేశాలకు పిలిచి సలహాలు తీసుకుంటున్నాయని ఒక వ్యాసంలో మెచ్చుకున్నారు. మంచి పనే. నేను ఇక్కడ ఒక ఐసీపీలో డిజైన్ చూస్తాను, అందుకే ఇంకో కోణం చెప్పాలనిపించింది.

ఐసీపీ పంపిణీ సంస్థకు కస్టమరూ, పోటీదారూ కూడా. హౌసింగ్ సైట్‌కు మేమూ కొటేషన్ ఇస్తాం, వాళ్ల సొంత విభాగమూ ఇస్తుంది. కానీ ఏ కేబుల్‌కి కలపాలో, డిజైన్ సరైనదో కాదో మామూలుగా చెప్పేది వాళ్లే. మేం కట్టిన లైన్లను చాలాసార్లు చివరికి సొంతం చేసుకునేదీ వాళ్లే. ఈ చిక్కు వల్లే 2015లో కోడ్ ఆఫ్ ప్రాక్టీస్, అంటే పంపిణీ సంస్థలు పాటించాల్సిన నియమావళి, వచ్చింది. దాని ప్రకారం అర్హత ఉన్న ఐసీపీ కలిపే చోటును తనే నిర్ణయించుకోవచ్చు, తన డిజైన్‌ను తనే ఆమోదించుకోవచ్చు.

అయినా చిన్న సంస్థలు చాలావరకు పాత పద్ధతిలోనే దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తాయి. కారణం భయం. పంపిణీ సంస్థ ఇచ్చే మ్యాపులో కేబుల్ సైజు తప్పుగా ఉన్నా, సబ్‌స్టేషన్ లోడ్ వివరాలు పాతవైనా నష్టం మా మీద పడుతుంది. నిజంగా సర్వీసు బాగుపడాలంటే ముందు ఆ డేటాను సరిచేసి మాకు తెరవాలి. సబ్‌స్టేషన్ స్థలం లీగల్ కాగితాలకు కూడా గడువు పెట్టాలి, ఇళ్లు పూర్తయినా కరెంటు రాకుండా ఆగేది ఎక్కువగా అక్కడే.

2015 నుంచి 2023 వరకు బ్రిటన్ ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ పథకం కింద పంపిణీ సంస్థలు ఏటా ప్రణాళిక, నివేదిక ఇచ్చేవి, పని నచ్చకపోతే జరిమానా పడేది. ఇచ్చిన మాటను మరుసటి ఏడాది అందరి ముందూ లెక్క చెప్పించే ఆ పద్ధతి సమావేశాల కన్నా ఎక్కువ పని చేయించిందని నా అభిప్రాయం.